చప్పట్ల మేస్త్రి కట్టిన చాడీల గది

ఏ గదిలో అడుగుపెట్టినా రెండు చేతులూ ఒక్కసారి ఠప్పున చరిచి, తల పక్కకి వంచి, ఆ చప్పుడు ఎటు పోయిందో, ఎప్పుడు ఆగిందో వింటేగానీ ఆయన కూర్చోడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో పెట్టింది తిని, ఇచ్చింది తొడుక్కునే మనిషి. కానీ ఆ ఒక్క చప్పట ముప్పై నాలుగేళ్లుగా ఆయన భార్య పరువు తీస్తూనే ఉంది. చుట్టాల్లోనూ, వీధిలోనూ, చివరికి పాలవాడి నోట కూడా ఆయన పేరు చప్పట్ల మేస్త్రి.

జబ్బుకి మూలం వృత్తిలో ఉంది. ఆయన సినిమా హాళ్లకీ, మీటింగు హాళ్లకీ సౌండు బిగించే మేస్త్రి. ఖాళీ హాలు నడిమధ్యన నిలబడి చప్పట కొట్టి, గోడలు ఎంత మింగుతున్నాయో, ఎంత తిరగ్గొడుతున్నాయో విని, దాన్నిబట్టి స్పీకరు పెట్టెలు ఎక్కడ పెట్టాలో తేల్చేవాడు. అక్కడితో ఆగితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఆయన ఆ చప్పటని చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు.

ఒకసారి బ్యాంకులో లాకర్ల గదిలో కొట్టాడు. తుపాకీ గార్డు పరిగెత్తుకొచ్చాడు. "ఏం లేదు బాబూ, మీ గది చాలా మంచిది. గుట్టు మనిషి. ఎవరేం చెప్పినా కడుపులో దాచుకుంటుంది" అని మేస్త్రి మెచ్చుకున్నాడు. గార్డుకి ఆ మెప్పు అర్థం కాలేదు. మేనేజరు వచ్చేదాకా మొగుడూ పెళ్లాలిద్దర్నీ బయట బల్లమీద కూర్చోబెట్టాడు.

ఇంకోసారి పరామర్శకి వెళ్లిన ఇంట్లో కొట్టాడు. పదిమందీ తలలు వంచుకుని కూర్చున్న గదిలో ఠప్! పోయినాయన తమ్ముడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది?"

"ఈ గది ఏడుపుని వదలడం లేదండీ. పట్టుకుని తిప్పి తిప్పి కొడుతోంది. ఆ కిటికీకి మందపాటి కర్టెను ఒకటి కట్టండి. అమ్మగారికి కొంచెం తెరిపిగా ఉంటుంది."

భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చి, ఆ వీధి చివరిదాకా తిట్టింది. నెల తర్వాత మళ్లీ వెళ్తే ఆ కిటికీకి మందపాటి కర్టెను వేలాడుతోంది. ఆవిడ దాన్ని చూసి కూడా చూడనట్టే కూర్చుంది. మొగుడు ఒప్పు అని ఒప్పుకునే అలవాటు ఆవిడకి లేదు.

మేస్త్రి గదుల్ని మనుషుల్లాగే విడదీసేవాడు. గుట్టు గది, మొద్దు గది, వాగుడు గది, మతిమరుపు గది. అన్నిటికంటే ప్రమాదకరమైంది చాడీల గది. పెళ్లయిన కొత్తలో అద్దెకి చూసిన వాటాలో మంచి గాలీ వెలుతురూ ఉన్నాయి. భార్య మురిసిపోయింది. మేస్త్రి చప్పట కొట్టి, ఒక్క ఉదుటున బయటికి వచ్చేశాడు. "వద్దు. ఇది చాడీల గది. ఈ మూల నువ్వు చెవిలో చెప్పినా ఆ మూలకి మోసేస్తుంది. మనం ఇంటావిడ గురించి ఏమనుకున్నా ఇంటావిడకి తెలిసిపోతుంది" అన్నాడు. గాలీ వెలుతురూ లేని గుట్టు గదిలో కాపురం పెట్టారు.

ఇక ఆ భార్య. వీధిలో ఆవిణ్ణి టీచరమ్మ అంటారు. డ్రిల్లు టీచరు. ముప్పై ఏళ్లపాటు ఆరొందలమంది పిల్లల్ని ఒక్క గొంతుతో నిలబెట్టి, నడిపించి, పరిగెత్తించిన మనిషి. బళ్లో ఈల ఇచ్చారుగానీ దాన్ని మెళ్లో అలంకారానికే వేసుకునేది. గ్రౌండులో ఆవిడ "అటెన్షన్!" అంటే గోడ అవతల రోడ్డుమీద పోతున్నాయన సైకిలు దిగి, కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డాడని చెప్పుకుంటారు.

సంబంధం మాట్లాడడానికి మేస్త్రి మొదటిసారి వాళ్లింటికి వెళ్లిన రోజునే ముందుగదిలో చప్పట కొట్టాడు. "ఎవర్రా అది, ఇంట్లో మనుషుల్ని చప్పట్లు కొట్టి పిలిచేది!" అని లోపల్నుంచి ఒక గొంతు లేచింది. మేస్త్రి తల పక్కకి వంచి, ఆ గొంతు నాలుగు గదులూ తిరిగి పెరట్లోకి పోయేదాకా ఓపిగ్గా విన్నాడు. విని, కాబోయే మామగారితో "గొంతులో లోటేం లేదండీ. మీ ఇల్లే దానికి చాలడం లేదు" అన్నాడు. పెళ్లి అక్కడే ఖాయమైపోయింది.

అలాంటి గొంతుకి ఏడాది కిందట ఆపరేషను అయింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. గొంతు మాత్రం ఇక ఇంతే అన్నారు. మిగిలింది ఉత్త గాలి. పక్కన కూర్చుంటే వినపడే గుసగుస.

ఆవిడ మొదట్లో దాన్ని లెక్కచెయ్యలేదు. లోకం లెక్కచేసింది. కూరగాయలావిడ "ఆఁ?" అంది. ఎదురింటాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. కన్న తమ్ముడు "ఆఁ? ఏంటక్కా?" అన్నాడు. చివరికి ఆపరేషను చేసిన డాక్టరే, ఏసీ బర్రుమని మోగుతున్న తన గదిలో ముందుకి వంగి, "ఆఁ? కొంచెం గట్టిగా చెప్పండమ్మా" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి కాదు, కోపంతో.

ఒక్క మేస్త్రి మాత్రం ఏనాడూ "ఆఁ?" అనలేదు. ఆవిడ వంటింట్లో గొణిగితే వరండాలోంచి జవాబిచ్చేవాడు. అది మాత్రం ఆవిడ గమనించలేదు. తిట్టిన ప్రతి తిట్టూ చేరవలసినచోటికి చేరుతుంటే ఏ భార్య గమనిస్తుంది?

ఈలోపు రిటైర్మెంటు వచ్చింది. బళ్లో వీడ్కోలు సభ పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్సు నాలుగు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చింది. టీచరమ్మ నోరు తెరవగానే మైకు ముందు బుస్సుమంది, తర్వాత కుయ్యిమంది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. వెనక వరసలు గొల్లుమన్నాయి. ఆవిడ మైకుని బల్లమీద పెట్టి, మెట్లు దిగి, గేటు దాటి వచ్చేసింది.

పొరుగూళ్లో హాలు పని మీదున్న మేస్త్రి మర్నాడు వచ్చి సంగతి విన్నాడు.

"పెట్టెలు ఎటు తిరిగి ఉన్నాయి?" అని అడిగాడు.

"నా పరువు పోయి నేను ఏడుస్తుంటే మీకు పెట్టెలు ఎటు తిరిగున్నాయో కావాలా?"

"మైకు మొహంలోకి తిరిగి ఉంటాయి, అందుకే కుయ్యిమంది. ఎవడా గాడిద?"

"గాడిద ఎవరైతేనేం? ఇకమీదట మైకు ముట్టను. నలుగురి ముందూ నోరు విప్పను. ఎవరు విప్పిస్తారో చూస్తాను" అని టీచరమ్మ ఒట్టు పెట్టుకుంది. ఆవిడ ఒట్టు పెట్టుకుందంటే పెట్టుకున్నట్టే. ఆ రోజునుంచి ఎవరింటికీ వెళ్లలేదు. ఎవరైనా వస్తే వంటింట్లోంచి బయటికి రాలేదు. పిల్లల్ని అడలగొట్టిన మనిషి తలుపు చప్పుడైతే తనే అడలిపోతోందని మేస్త్రికొక్కడికే తెలుసు.

అప్పుడు రంగంలోకి దిగాడు తమ్ముడు. అతను జిమ్ము నడుపుతాడు. కండలున్నవాళ్లకి ఉండే మంచితనం అతనికి నిండా ఉంది.

"అక్కా, బళ్లో అయిందేదో అయింది. మీ ఇంట్లోనే పార్టీ పెడదాం. నలభైమంది. నీ పాత స్టూడెంట్లు, మీ టీచర్లు, హెడ్‌మిస్ట్రెస్ మేడమ్, వీధిలో వాళ్లు. నువ్వొక్క ముక్క మాట్లాడక్కర్లేదు. జిమ్ములో ఉన్న నా పెట్టెలు తెచ్చి పడేస్తాను. ఆ మోతలో ఎవడి మాటా ఎవడికీ వినపడదు. అందరూ నీలాగే అయిపోతారు."

వద్దని చెప్పడానికి తెరిచిన నోటిని టీచరమ్మ మూసేసింది. నలభైమంది చెవుల దగ్గర చేతులు పెట్టుకుని ఒకళ్లనొకళ్లు "ఆఁ? ఆఁ?" అనుకుంటూ తిరుగుతుంటే తను దర్జాగా కూర్చుని చూడడం కళ్లముందు మెదిలింది. ఏడాదిగా అంత హాయైన ఆలోచన ఆవిడకి రాలేదు.

"తీసుకురా" అంది.

"ఆఁ?"

"తీసుకురమ్మంటోంది" అని పక్కగదిలోంచి మేస్త్రి చెప్పాడు. చెప్పి, బయటికి వచ్చి, "నీ పెట్టెలు బీరువాలంత ఉంటాయి. అవి ఈ గడప దాటవు. ఈ పార్టీకి సౌండు నాది" అన్నాడు. అక్కడ మొదలైంది యుద్ధం.

మర్నాడు సౌండు కొనడానికి షాపుకి బయల్దేరాడు మేస్త్రి. ఆయన్ని ఒంటరిగా వదిలితే ఏ అగ్గిపెట్టె కొనుక్కొస్తాడోనని టీచరమ్మ కూడా వెళ్లింది. షాపులో అడుగుపెట్టగానే ఠప్! అరలు తుడుస్తున్న ఇద్దరు చేతిలోవి వదిలేశారు. షాపాయన ఎదురొచ్చాడు.

"ఎంతమందికి సార్?"

"నలభై."

"అయితే ఇది చూడండి. గోడలు అదురుతాయి. పక్కింట్లో గ్లాసులు పగిలాయని కంప్లైంట్లు కూడా వచ్చాయి" అన్నాడు షాపాయన గర్వంగా.

"మా పక్కింటివాళ్ల గ్లాసులతో మాకేం పగలేదు. దీన్ని ఎంత తగ్గిస్తే పాట ఇంకా పాటలాగే ఉంటుంది? అది చెప్పండి."

షాపాయన వాల్యూము మీట మీదనుంచి చెయ్యి తీసేశాడు. "తగ్గించడానికి ఎవరు కొంటారు సార్?"

"నేను."

మేస్త్రి భార్యని ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, పెట్టెల్ని ఆవిడ పక్కన పెట్టించి, తను ముప్పై అడుగుల అవతల వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు. మొదటి సెట్టు పాడింది. "పెద్దవి కొనండి" అంది టీచరమ్మ. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. రెండోది పాడింది. "అందరూ మననే చూస్తున్నారు" అంది. తల అడ్డంగానే ఊగింది. మూడు, నాలుగు, అయిదు. ప్రతి సెట్టుకీ ఆవిడ ఏదో ఒకటి అంటూనే ఉంది, ఆయన ఊపుతూనే ఉన్నాడు. ఆరోసారి లంచ్ బాక్సులంత చిన్న పెట్టెలు రెండు తెచ్చి పెట్టారు. పాట సన్నగా మొదలైంది.

"ఈ జన్మకి మీరు బాగుపడరు. పదండి ఇంటికి" అంది టీచరమ్మ పళ్ల బిగువున.

"వినపడింది!" అని తలుపు దగ్గర మేస్త్రి ఎగిరాడు. "ఇవే! ఇవి ఎనిమిది ఇవ్వండి!"

"ఏం వినపడింది సార్?"

"మా ఆవిడ తిట్టింది."

షాపాయన టీచరమ్మకేసి జాలిగా చూశాడు. టీచరమ్మ తన కర్మకేసి చూసుకుంది.

ఆ తర్వాత వారం రోజులూ ఆ ఇంట్లో కాపురం జరగలేదు, చప్పట్లు జరిగాయి. మేస్త్రి హాల్లో అడుగుకోసారి ఆగి చరిచేవాడు. తల వంచేవాడు. "మొద్దు. ఒట్టి మొద్దు" అని గొణుక్కునేవాడు. ఇంట్లో ఉన్న బొంతలన్నీ దించి, మూడు గోడలకి కర్టెన్ల వెనకాల కుట్టాడు. నేలంతా తివాచీలు పరిచాడు. సీలింగు ఫ్యాను కిర్రుమంటోందని పీకి దాచాడు. ఫ్రిజ్జు మూలుగుతోందని ఈడ్చుకెళ్లి వెనక వరండాలో పెట్టాడు. గోడగడియారం కూడా తీసేశాడు.

"గడియారం ఏం చేసింది మిమ్మల్ని?"

"ఎక్కువ మాట్లాడుతోంది."

హాల్లో ఒక పక్కన మేడమెట్లు ఉన్నాయి. ఆ మెట్ల వాలు కింద రెండు గోడలు కలిసే మూలని మాత్రం మేస్త్రి బోడిగా వదిలేశాడు. అక్కడున్న అలమరా, ఫొటోలు, ఆఖరికి మేకులు కూడా ఊడబెరికి, ఉత్త గోడలకి ఎదురు మొహంగా ఒక పేము కుర్చీ వేశాడు. వేసి, కాదని తలూపి, దాన్ని తిప్పి గోడలకి వీపు పెట్టాడు. ఒక జానెడు ముందుకి జరిపాడు. రెండు వేళ్లు వెనక్కి జరిపాడు. కాళ్ల చుట్టూ సుద్దతో గీత గీశాడు.

"పార్టీలో ఇది నీ కుర్చీ."

"పార్టీ నాదీ, మూల నాదీనా? నన్నెందుకు మూల కూర్చోబెడతారు?"

"అక్కడ గాలి బాగా వస్తుంది."

"ఫ్యాను పీకింది మీరే కదండీ!"

తిట్టింది. ఆ కుర్చీలోనే కూలబడి, ఆయన వంటింటి గుమ్మంలో ఉన్నప్పుడు తిట్టింది, కిటికీ దగ్గరున్నప్పుడు తిట్టింది, వీధి తలుపు దగ్గరున్నప్పుడు తిట్టింది. ఆయన ఎక్కడ నిలబడితే అక్కడికి తిట్లు పంపింది. ఆయన ప్రతిదానికీ తల పక్కకి వంచి శ్రద్ధగా విని, వెళ్లి ఒక బొంత సర్ది వచ్చేవాడు. మనిషికి పిచ్చి ముదిరిందని ఆవిడ తమ్ముడికి కబురు పెట్టింది. "పెట్టెలు తప్పకుండా తీసుకురా" అని కూడా పెట్టింది.

పార్టీ రోజు మధ్యాహ్నం వ్యాను వచ్చి ఆగింది. తమ్ముడూ, జిమ్ములో బరువులెత్తే నలుగురూ కలిసి ఆ బీరువాల్ని దించారు. మేస్త్రి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"బావా, తప్పుకో."

"తప్పుకోను."

"అక్క తెమ్మంది బావా!"

"అక్క ఇల్లు, అక్క పార్టీ. కాదన్లేదు. ఇరవై ఊళ్లలో హాళ్లు నా మాట విన్నాయి. నా ఇంటి హాలుని నీ జిమ్ముకి అప్పజెప్పమంటావా? ఎత్తితే కుర్చీతో సహా నన్నెత్తు."

తమ్ముడు నిజంగానే ఎత్తగలడు. అందుకే అక్కకేసి చూశాడు. టీచరమ్మ మేస్త్రి వెనకాలే నిలబడి ఉంది.

"లోపల పెట్టు" అంది.

"ఆఁ? ఏంటక్కా?"

"లోపల పెట్టమంటోంది" అన్నాడు మేస్త్రి. "నేను పెట్టనివ్వను."

తమ్ముడికి దిక్కు తోచలేదు. తనకి విరుద్ధంగా వచ్చిన ఆర్డరుని తనే మోసి అందించే శత్రువుతో ఎలా పోట్లాడాలో జిమ్ములో ఎవరూ నేర్పరు. చివరికి రాజీ కుదిరింది. పెట్టెలు ముందు వరండాలో ఉంటాయి. ఒక్క గంట మేస్త్రి సౌండు నడుస్తుంది. ఆ గంటలో ఎప్పుడైనా సరే, అక్క "ఆన్ చెయ్యి" అంటే మేస్త్రే స్వయంగా స్విచ్చి వేస్తాడు, జన్మలో మళ్లీ చప్పట కొట్టడు. "చప్పట కూడానా?" అని టీచరమ్మ కళ్లు మెరిశాయి. ఒక్క గంట ఓర్చుకుంటే రెండు పీడలూ ఒకేసారి వదిలిపోతాయి.

సాయంత్రం నలభైమందీ వచ్చారు. ఎనిమిది చిన్న పెట్టెలు ఎనిమిది చోట్ల, పేము కుర్చీకి వీపు తిప్పి పాడుతున్నాయి. తమ్ముడు ఒకదానికి చెవి ఆనించి, "బావా, ఇది పాడుతోందా, ఆలోచిస్తోందా?" అని అడిగాడు. మేస్త్రి వంటింటి గుమ్మం దగ్గర మీట మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్లు మొదట గట్టిగట్టిగా అరుచుకున్నారు. ఆయన పాటని వెంట్రుకవాసి తగ్గించాడు. పాట వినాలని కొందరు గొంతు దించారు. ఇంకో వెంట్రుకవాసి తగ్గించాడు. కొందరు దించితే మిగతావాళ్లు తెలియకుండానే దించారు. అరగంటలో నలభైమందీ, ఎవరూ చెప్పకుండానే, మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

టీచరమ్మ మూలన కుర్చీలో ఉడికిపోతూ కూర్చుంది. పలకరించినవాళ్లకి తల ఊపుతోంది, పెదవి విప్పడం లేదు. గంట ఎంతయిందో చూద్దామంటే గోడమీద గడియారం లేదు.

అప్పుడు హెడ్‌మిస్ట్రెస్సు లేచింది. మేస్త్రి పాట ఆపాడు.

"ఆ గొంతు!" అని మొదలుపెట్టింది ఆవిడ, రెండు చేతులూ పైకెత్తి. "ఎలాంటి గొంతు! ఉదయాన్నే బడికి వస్తుంటే నాలుగు వీధుల అవతలికి వినపడేది. ఎంత ధైర్యంగా ఉండేది! ఎంత చలాకీగా ఉండేది! ఇవాళ ఆ గొంతు మన మధ్య లేదు. ఎక్కడున్నా..." హెడ్‌మిస్ట్రెస్సుకి దుఃఖం పొర్లుకొచ్చింది. కళ్లకి రుమాలు అద్దుకుంది. టీచర్లందరూ తలలు వంచుకున్నారు. కిటికీ దగ్గరున్న పాత స్టూడెంటు, ఇప్పుడు బస్సు కండక్టరు, ఒక నిమిషం మౌనం పాటించాలేమోనని లేచి నిలబడ్డాడు. అక్క మొహం చూసిన తమ్ముడు వరండాలోకి ఉరికి, బావ కోసం ఆగకుండా తనే స్విచ్చి మీద చెయ్యి వేసి, అక్క పెదవి కదలడం కోసం కాచుకున్నాడు.

టీచరమ్మ పెదవి కదిలింది. కానీ ఆవిడ ఆన్ చెయ్యమనలేదు. ముప్పై నాలుగేళ్ల అలవాటు కొద్దీ, వంటింటి గుమ్మంలో ఉన్న మొగుడికేసి చూసి తనలో తాను గొణిగింది.

"ఏవండీ, నేనింకా చావలేదని ఆవిడకి ఎవరైనా చెప్తారా?"

హెడ్‌మిస్ట్రెస్సు రుమాలు గాల్లో ఆగిపోయింది. నలభై తలలూ ఒక్కసారి మూలకి తిరిగాయి. టీచరమ్మ బిత్తరపోయింది.

"ఏమైంది? ఎందుకలా చూస్తున్నారు?" అంది.

"మీరింకా చావలేదని వినపడింది టీచర్!" అన్నాడు కండక్టరు, ఆ చివర కిటికీ దగ్గర్నుంచి.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. హెడ్‌మిస్ట్రెస్సే అంటారు కొందరు. హాలంతా విరగబడి నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. నలభైమందిలో ఒక్కరు కూడా "ఆఁ?" అనలేదని లెక్కచూసుకుంటోంది. తన వెనకాల బోడి గోడల్ని చూసింది. తలమీద మెట్ల వాలుని చూసింది. మూడు వైపులా బొంతలు కప్పుకుని నోరు మూసుకున్న గోడల్ని చూసింది. తనకి వీపు తిప్పిన ఎనిమిది పెట్టెల్ని చూసింది. అప్పుడు మొగుడికేసి చూసింది. ఆయన తల పక్కకి వంచుకుని పైకప్పు చూస్తున్నాడు.

టీచరమ్మ నిటారుగా కూర్చుంది. ఊపిరి నిండా తీసుకుంది.

"అటెన్షన్."

పుస్తకంలో పేజీ తిప్పినంత చప్పుడు కూడా కాలేదు. నలభైమందీ లేచారు, నలభై జతల మడమలు ఒక్కసారి దగ్గరకి వచ్చాయి. కండక్టరు ఛాతీ విరుచుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్సు రుమాలు పక్కకి దించి తొడకి ఆనించి పెట్టింది. కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాయన నమలడం ఆపేశాడు. వంటింటి గుమ్మంలో మేస్త్రి కూడా కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

"స్టాండెటీజ్. ఇప్పుడు వినండి. ఇవాళ ఈ ఇంట్లో నా గురించి 'ఉండేది' అన్నవాళ్లు ఇంటి చుట్టూ మూడు రౌండ్లు. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ గారికి వయసునిబట్టి ఒకటి చాలు."

"రెండు చేస్తాను" అంది హెడ్‌మిస్ట్రెస్సు పౌరుషంగా.

వరండాలోంచి తమ్ముడు తల లోపలికి పెట్టి, "అక్కా, ఆన్ చెయ్యనా?" అన్నాడు.

"చేస్తే నీకు పది."

తమ్ముడికి వినపడింది. వరండాదాకా వినపడింది. అతను స్విచ్చి మీదనుంచి చెయ్యి తీసేసి, అదే చేత్తో కళ్లు తుడుచుకుని, "చెమట" అని పక్కవాడికి చెప్పాడు. తర్వాత మరో రెండు గంటలు టీచరమ్మ మాట్లాడింది. కండక్టరు ఆరో క్లాసులో గోడ దూకి పట్టుబడ్డ సంగతి చెప్పింది. సైకిలాయన సంగతి చెప్పింది. వీడ్కోలు సభలో మైకు బుస్సుమన్న సంగతి కూడా చెప్పి, తనే నవ్వింది. జనం తివాచీల మీద ఆవిడకేసి జరిగి కూర్చుని విన్నారు. ఎనిమిది పెట్టెలు మళ్లీ పాడాల్సిన అవసరం రాలేదు.

అందరూ వెళ్లాక మేస్త్రి సుద్దగీత తుడుస్తుంటే టీచరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చాడీల గది కట్టారన్నమాట."

"కట్టాను."

"వారం రోజులు నా చేత తిట్లు తిన్నారు. ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఆ కుర్చీలో కూర్చునేదానివా?"

"చచ్చినా కూర్చునేదాన్ని కాదు."

"మరి? అయినా నీ తిట్లతో నాకు పనుంది. చప్పటతో గది ఎలాంటిదో తెలుస్తుందిగానీ నీ గొంతు ఎక్కడిదాకా వస్తుందో తెలియదుగా. అందుకే రోజుకో చోట నిలబడి తిట్టించుకున్నాను. చివరి రోజు వీధి గుమ్మం దగ్గర కూడా శుభ్రంగా వినపడింది."

టీచరమ్మ పేము కుర్చీ పట్టుకుని ఒక జానెడు పక్కకి జరిపింది. మాట్లాడితే తిట్టు రాదేమోనని ఆవిడకి భయం వేసింది.

"ఆ ఫ్రిజ్జు వరండాలో పెట్టింది కూడా తిట్లకోసమేనా?"

"ఛ, అది చప్పుడు చేస్తుంది. గడియారం ఒక్కటే తిట్లకోసం."

పదిహేను రోజుల తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లారు. అదే గది, అదే ఏసీ, అదే బర్రుమనే మోత.

"ఎలా ఉందమ్మా గొంతు?" అన్నాడు డాక్టరు.

"బాగుంది."

"ఆఁ?" డాక్టరు ముందుకి వంగాడు. "కొంచెం గట్టిగా..."

ఠప్!

డాక్టరు కుర్చీలో ఎగిరి పడ్డాడు. తలుపు తీసుకుని నర్సు లోపలికి వచ్చింది. ఇద్దరూ మేస్త్రికేసి కోపంగా చూశారు. మేస్త్రి రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. పక్క కుర్చీలో టీచరమ్మ తల పక్కకి వంచి వింటోంది.

విని, పెదవి విరిచి, లేచి వెళ్లి గోడమీది ఏసీ స్విచ్చి తనే ఆపేసింది. అది మూలిగి మూలిగి ఊరుకుంది. తిరిగొచ్చి కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, డాక్టరు కళ్లలోకి చూసింది.

"నా గొంతుకేం, నిక్షేపంలా ఉంది. జబ్బు మీ గదికి."

ఈసారి డాక్టరు "ఆఁ?" అనలేదు.